పాత డెస్క్‌టాప్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ పని చేయట్లేదా? వాపసు ఇచ్చే ముందు ఇవి చూడండి

తిరుపతి కొర్లగుంటలో మా మేనమామకు జిరాక్స్ షాపుంది. అక్కడ ఏదో ఆఫీసు నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ నడుస్తోంది, మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు. 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు పొద్దున్నే జనం వచ్చి నిలబడతారు, ఇదేమో ఆన్ అయి బ్రౌజర్ తెరుచుకునేసరికి ఐదారు నిమిషాలు. హార్డ్ డిస్క్ బదులు 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో నడిచే వేగమైన డ్రైవ్; సాటా అంటే బోర్డుకు తగిలించే కేబుల్ రకం) వేసి, విండోస్ 10 కొత్తగా ఎక్కించాను. మూడో రోజు ఫోన్: "అల్లుడూ, నువ్వేసింది పోయినట్టుంది." పోలేదు. పాత మెషీన్లలో తప్పు ఎక్కువగా డ్రైవ్ చుట్టూ ఉన్న వాటిదే.

సమస్య: రాత్రి బాగుంది, పొద్దున బ్లూ స్క్రీన్

మామ దగ్గర జరిగింది ఇదే. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వస్తోంది. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రాం) వెళ్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది, అక్కడే విషయం అర్థమైపోయింది. తేదీ, సెట్టింగులు నిలిపి ఉంచే, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. మెయిన్ ఆన్‌లో ఉన్నంతసేపు బోర్డుకు కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి తెలియదు, మామ రాత్రి షాపు కట్టేటప్పుడు మెయిన్ ఆపేస్తాడు, దాంతో బయోస్ తన ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు వెళ్లిపోయి సాటా మోడ్ (బోర్డు డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి పాతకాలపు ఐడీఈకి మారిపోతోంది. విండోస్‌కు ఆ దారి తెలియదు, ఆగిపోతుంది. కొత్త బ్యాటరీ వేయండి (ప్లస్ గుర్తు పైకి), తేదీ సరిచేయండి, మోడ్ మళ్లీ ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేయండి. విండోస్ మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు.

మీ విండోస్ మొదటి నుంచీ ఐడీఈలోనే ఉంటే మాత్రం నేరుగా మార్చకండి. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ సెర్చ్‌లో msconfig అని కొడితే వస్తుంది) సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లోకి వచ్చాక ఆ టిక్ తీసేయండి.

సమస్య: డ్రైవ్ ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి మాయం

ముందు కేబుల్‌ను అనుమానించండి. పాత ఎర్ర సాటా కేబుళ్లకు చాలా వాటికి పట్టి ఉంచే ఇనుప క్లిప్ ఉండదు, మూత వేసేటప్పుడు కొంచెం తగిలినా వెంట్రుకవాసి జరిగిపోతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే, డ్రైవ్ ఆరోగ్యం చూపే ఉచిత ప్రోగ్రాంలో సీ7 వరుస చూడండి, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అని ఉంటుంది. వాడేకొద్దీ అది పెరుగుతోందంటే డేటా కేబుల్ దారిలోనే దెబ్బతింటోందన్నమాట. క్లిప్ ఉన్న కొత్త కేబుల్ వేసి, పోర్ట్ కూడా మార్చి చూడండి. పాత అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు. మూత తీసే ముందు పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవడం మర్చిపోవద్దు.

సమస్య: బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

కొత్త డ్రైవ్ ఖాళీది, అంతే. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఇనిషియలైజ్ చేసి, న్యూ సింపుల్ వాల్యూమ్ ఇవ్వండి. 4 టీబీ డిస్క్‌లో 2 టీబీయే వాడుకోనిస్తుంటే ఇనిషియలైజ్ చేసేటప్పుడు ఎంబీఆర్ (డిస్క్‌ను భాగాలు చేసే పాత పద్ధతి) ఎంచుకున్నారని అర్థం, దాని హద్దు అంతే. డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే కొత్త పద్ధతి జీపీటీకి మార్చండి.

సమస్య: క్లోన్ చేశాక బూట్ కావట్లేదు

క్లోన్ అంటే పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేయడం. దాంతో పాత డిస్క్, కొత్త డిస్క్ రెండూ ఒకే గుర్తింపుతో ఉంటాయి కదా, విండోస్ తికమకపడుతుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాతది పూర్తిగా ఊడదీసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచండి. అంతా నడుస్తోందని తేలాకే పాతది తగిలించండి. అప్పటిదాకా దాన్ని ఫార్మాట్ చేయొద్దు, అందులో ఉన్నవి మీ ఇంటి ఫొటోలు, షాపు లెక్కలు.

సమస్య: డబ్బా మీద వేగం సెకనుకు 550 ఎంబీ, వచ్చేది 270

హెచ్61 చిప్‌సెట్‌లో ఉన్నవి సాటా 2 పోర్టులే, సెకనుకు 3 గిగాబిట్లు, అంతకు మించి రాదు. బాధపడకండి, చిన్న చిన్న ఫైళ్లు వెతికి తీయడంలోనే హార్డ్ డిస్క్ నీరసపడేది, అక్కడ తేడా మీకు మొదటి బూట్‌లోనే తెలుస్తుంది.

ఇంకా వేగం కావాలని ఎన్‌వీఎంఈ (సాటా కేబుల్‌తో పని లేని, ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) కొని అడాప్టర్‌లో పెట్టేవాళ్లున్నారు. విండోస్ 10లో అది డేటా డ్రైవ్‌గా కనిపిస్తుంది గానీ హెచ్61 లాంటి పాత బోర్డుల బయోస్ మామూలుగా దాని నుంచి బూట్ చేయలేదు. షాపులో 2.5 అంగుళాల సాటా అని అడిగే తెచ్చుకోండి.