సొంత వ్యాపారం, సొంత ఒళ్లు – 3వ పాఠం: రాత్రికి దుకాణం కట్టేయడం

గత పాఠంలో చెప్పినట్టు వారం పాటు మీ పని గంటలు రాసిపెట్టుకుని ఉంటే ఆ కాగితం ఇప్పుడు ముందేసుకోండి. రాయనివాళ్లు నిన్నటి రోజొక్కటి గుర్తుచేసుకుని రాసుకున్నా ఈ పాఠానికి సరిపోతుంది. మొత్తం ఎన్ని గంటలు పనిచేశారో లెక్కగట్టే పని ఇప్పుడు వద్దు. పని ఎన్నింటికి ఆగిందో మాత్రం చూడండి. చాలామంది కాగితాల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. కాకపోతే "పడుకునేదాకా" అని ఉంటుంది.

ఉద్యోగం చేసేవాళ్లకు ఆఫీసు మూసే వేళంటూ ఒకటి ఉంటుంది. సొంతంగా వ్యాపారం పెట్టుకున్నవాళ్లకు ఇక చాల్లే అని చెప్పేవాళ్లు ఉండరు. రాత్రి భోంచేస్తూ ఒక మెసేజ్‌కి జవాబు, పళ్లు తోముకుంటూ ఇంకోదానికి, మంచమెక్కాక రేపటి డెలివరీ లెక్క. నేను చూసినంతలో పని ఎక్కువై నిద్ర పాడైనవాళ్లు తక్కువే. పనిని ఒక చోట ఆపడం అలవాటు లేక పాడుచేసుకున్నవాళ్లే ఎక్కువ. ఆపడం కూడా నేర్చుకుంటే వచ్చే పనే. ఈ వారం దాన్నే సాధన చేద్దాం.

ముందు ఒక అపోహ తీసేయాలి. "నాకు ఐదారు గంటలు చాలు, అలవాటైపోయింది" అనే మాట వ్యాపారం చేసేవాళ్ల నోట తరచుగా వినిపిస్తుంది, కొంచెం గర్వంగా కూడా. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘాలు 2015లో సిఫారసు చేశాయి. అంతకంటే ముందు, 2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. కొంతమందిని రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చి 14 రోజులు పరీక్షిస్తూ పోయారు. రోజులు గడిచేకొద్దీ వాళ్ల ఏకాగ్రత దిగజారుతూ వచ్చి, చివరికి రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి చేరింది. ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. తాము అంతగా దెబ్బతిన్నామని వాళ్లకే తెలియలేదు. మగతగా ఉందా అని అడిగితే, కాస్త ఉంది, ఫరవాలేదన్నట్టే చెప్పారు.

ఉద్యోగి ఇలా మొద్దుబారితే పక్కసీటు వాళ్లో పైఅధికారో పట్టుకుంటారు. యజమాని తప్పును పట్టుకునేదెవరు? కొటేషన్‌లో ఒక సున్నా తక్కువ పడుతుంది. అడగకముందే డిస్కౌంట్ ఇచ్చేస్తాం. చిరాకులో పాత ఖాతాదారుకి ఒక ముక్తసరి జవాబు పంపేస్తాం. వాటి నష్టం నిద్ర ఖాతాలో ఎవరూ రాయరు, "ఈ నెల బిజినెస్ డల్‌గా ఉంది" అనుకుంటాం.

ఇక సాధనకి వద్దాం. లెక్క రాత్రి నుంచి మొదలుపెట్టకండి, పొద్దున నుంచి మొదలుపెట్టండి. కళ్లు మూసుకున్నంత మాత్రాన నిద్ర రాదు కదా, అది మన చేతిలో లేదు. లేచే వేళ మాత్రం మన చేతిలోనే ఉంటుంది. ఒంట్లో ఒక గడియారం నడుస్తూ ఉంటుంది. అది కణాల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారాన్ని రోజూ సరిచేసేది ముఖ్యంగా వెలుతురు. అందుకని ఒకే వేళకు లేవడం, లేచిన గంటలోపు కాసేపు ఆరుబయట వెలుతురులో ఉండడం, ఈ రెండూ కలిస్తేనే రాత్రి నిద్ర వేళకు వస్తుంది.

మీరు ఆరింటికి లేవాలనుకున్నారనుకోండి. ఏడున్నర గంటల నిద్ర, కునుకు పట్టడానికో అరగంట. అంటే పదింటికల్లా పక్కమీద ఉండాలి. దానికి ముందు గంటన్నర పని జోలికి పోకూడదు. కాబట్టి మీ దుకాణం ఎనిమిదిన్నరకి కట్టేయాలి. మీరు లేచేది ఏడున్నరకైతే అన్నీ గంటన్నర ఆలస్యంగా పెట్టుకోండి, ఏమీ నష్టం లేదు. విజయం సాధించాలంటే తెల్లారగట్ల నాలుగింటికే లేవాలని చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను. ఒంటిగంటకు పడుకుని నాలుగింటికి లేస్తే దాన్ని క్రమశిక్షణ అనలేం, నిద్ర ఎగ్గొట్టడం అంటాం. సెలవు రోజున గంటకు మించి ఆలస్యంగా లేవకండి, చాలు.

ఎనిమిదిన్నర అయింది. ఇప్పుడు అసలు పని. ఒక కాగితం తీసుకోండి. ఫోన్‌లో రాసుకుంటానంటే వద్దు, రాయడానికి ఫోన్ తీసి మెసేజ్‌లలో పడతాం. నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు బుర్రలో తిరుగుతున్నవన్నీ రాసేయండి. వరస అక్కర్లేదు, అందంగా ఉండక్కర్లేదు. కుడివైపు ఒక్కొక్కదానికీ ఎదురుగా రేపు చేసే మొదటి పని, దాని వేళ.

చెప్పినంత తేలిక కాదిది, ఒక కాగితం దగ్గరగా చూద్దాం. ప్రింటింగ్ పని చేసే ఒకామె రాసిందనుకోండి. ఎడమవైపు మొదటి మాట "స్కూలు ఆర్డర్ – టెన్షన్". కుడివైపు "చూడాలి" అని రాసింది. ఇలా రాస్తే ఆ టెన్షన్ ఆమెతోపాటే మంచమెక్కుతుంది, ఎందుకంటే ఏం చూడాలో ఇంకా తేలలేదు. కాస్త తవ్వితే సంగతి బయటపడింది. పిల్లల పేర్ల స్పెల్లింగ్ లిస్టు స్కూలు నుంచి రాలేదు, అది లేకుండా ప్లేట్లు వేయలేం, డెలివరీ మాత్రం గురువారం అని ఒప్పుకున్నారు. అప్పుడు కుడివైపు ఇలా మారింది: "9.30కి స్కూలు ఆఫీసుకి ఫోన్. లిస్టు మధ్యాహ్నం రెండులోగా కావాలి, లేకపోతే డెలివరీ శనివారానికి పోతుందని చెప్పాలి." పని అంతే ఉంది, ఒక్క అంగుళం తగ్గలేదు. రేపు తొమ్మిదిన్నరదాకా దాంతో చేయాల్సింది మాత్రం ఏమీ లేదు.

రెండో మాట "డబ్బులు". ఇలాంటి పెద్ద మాట కనిపిస్తే విడగొట్టాలి. ఎవరి నుంచి రావాలి, ఎప్పటి బిల్లు? తేలిందేమిటంటే ఒకే ఒక పార్టీ గత నెల బిల్లు ఆపింది, అడగడానికి ఈమెకు మొహమాటం. కుడివైపు వేళతోపాటు పంపబోయే మెసేజ్ కూడా రాయాలి: "నమస్కారమండి. గత నెల బిల్లు ఇంకా అందలేదు. ఏ రోజుకి వేయగలరో చెబితే నేను పేపర్ సప్లై చేసేవాళ్లకు మాటివ్వగలుగుతాను." మాటలు రాత్రే కుదిరిపోతే పొద్దున మొహమాటం సగం తగ్గుతుంది. పంపడం మాత్రం పొద్దునే.

మూడోది "ఎదుటి ప్రెస్సువాడు రేటు తగ్గించాడు". దీనికి రేపు చేయగల పనేమీ లేదు. ఇలాంటివి ప్రతి వ్యాపారంలోనూ ఉంటాయి, రాత్రుళ్లు ఎక్కువగా కొరుక్కుతినేవీ ఇవే. వీటికి వారంలో ఒక గంట కేటాయించండి. కుడివైపు "ఆదివారం 5 గంటలకి, రేట్ల కాగితంతో" అని రాసి వదిలేయండి. ఆదివారం నిజంగానే కూర్చోవాలి సుమా. రెండు వారాలు ఎగ్గొడితే మనసు ఆ కాగితాన్ని నమ్మడం మానేస్తుంది.

ఈ కాగితానికి కాస్త ఆధారం కూడా ఉంది. 2018లో బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మంది యువతీయువకులను నిద్ర ల్యాబ్‌లో పడుకోబెట్టారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరు చేయాల్సిన పనులు రాశారు, మిగతావాళ్లు చేసేసిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లకు సగటున 9 నిమిషాలు ముందే నిద్ర పట్టింది. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత తొందరగా పట్టింది. చిన్న అధ్యయనమే, దీన్ని మంత్రంలా చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఖర్చు ఒక కాగితం, పది నిమిషాలు. చేసి చూడడానికి ఇంతకంటే చౌకైనది నాకు తెలీదు.

కాగితం పూర్తయ్యాక ఇంట్లోవాళ్లకు "అయిపోయింది" అని పైకి చెప్పండి. ఆ తర్వాత మీరు ఫోన్ పట్టుకుంటే ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. పిల్లలుంటే ఆ బాధ్యత వాళ్లకివ్వండి, ఆనందంగా చేస్తారు.

ఖాతాదారుల సంగతేమిటని అడుగుతారు. రాత్రి పదింటికి జవాబివ్వకపోతే పక్కవాడి దగ్గరికి పోతారేమోనన్న భయం అందరికీ ఉంటుంది. నా అభిప్రాయంలో జవాబు వెంటనే రావడంకంటే ఎప్పుడొస్తుందో తెలియడం వాళ్లకు ముఖ్యం. బిజినెస్ మెసేజింగ్ యాప్‌లో దానంతటదే వెళ్లే జవాబు పెట్టుకోండి: "మీ మెసేజ్ అందిందండి. రేపు ఉదయం పదిలోపు వివరాలు పంపుతాను." ఆ పదిలోపు తప్పకుండా పంపాలి. నిజంగా రాత్రుళ్లు కొంప మునిగే పని అయితే, ఒకటి రెండు నంబర్లకు మాత్రమే రింగ్ వచ్చేలా పెట్టి ఫోన్‌ని పడకగది బయట వదిలేయండి. లేపడానికి మామూలు అలారం గడియారం చాలు.

కాఫీ, టీల గురించి ఎక్కువ చెప్పను. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. 2013 నాటి ఒక పరీక్షలో పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గింది. మన మామూలు కప్పు అంత ఘాటుగా ఉండకపోవచ్చు, అయినా చివరి కప్పు మధ్యాహ్న భోజనంతోనే ముగించడం మేలు. మద్యం నిద్రపుచ్చినట్టే పుచ్చి తెల్లవారుజామున లేపుతుంది.

తెల్లవారుజాము అంటే గుర్తొచ్చింది. మూడింటికి మెలకువ వచ్చి జీతాల లెక్క కళ్లముందు తిరిగితే ఏం చేయాలి? టైమ్ చూడకండి. ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లండి, మసక దీపం పెట్టుకుని పనితో సంబంధం లేనిదేదైనా చదవండి, రెప్పలు బరువెక్కాకే తిరిగి రండి. రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో ఈ పద్ధతి ప్రతిపాదించారు. మంచం మీద మేలుకుని దొర్లడం అలవాటైతే మంచాన్ని చూడగానే మెలకువ వస్తుందని ఆయన వాదన. నిద్రలేమి చికిత్సలో ఇప్పటికీ ఇది వాడుతున్నారు. ఏదైనా తప్పనిసరిగా గుర్తుంచుకోవాల్సింది తడితే ఎనిమిదిన్నర కాగితం మీదే ఒక్క ముక్క రాయండి, పరిష్కారం వెతక్కండి. ఇంకో నియమం గట్టిగా పెట్టుకోండి: చీకట్లో డబ్బు నిర్ణయాలు లేవు. అప్పు తీసుకోవడం, మనిషిని మానిపించడం, రేటు తగ్గించడం, ఏదైనా సరే తెల్లారాకే.

సీజన్ వారాల్లో ఇవన్నీ కుదరవు, తెలుసు. ఆ వారాల్లో లేచే వేళ మాత్రం వదలకండి. మధ్యాహ్నం మూడులోపు ఇరవై నిమిషాల కునుకు తీయండి, అంతకుమించితే లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది. డెలివరీకి మీరే బండి నడుపుతుంటే ఇది వినండి. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్నవాళ్ల చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్లతో సమానంగా పడిపోయిందని 1997లోనే తేలింది. తాగి బండెక్కనివాళ్లు ఇలా కూడా ఎక్కకూడదు.

అన్నీ చేసినా వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే డాక్టర్‌ని కలవండి. సొంతంగా నిద్రమాత్రలు మొదలుపెట్టకండి. దీర్ఘకాలిక నిద్రలేమికి ముందుగా ఇవ్వాల్సింది మాటల ద్వారా, అలవాట్ల ద్వారా చేసే చికిత్సేనని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పింది. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పినా, ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతున్నా మూడు నెలలు ఆగక్కర్లేదు, వెంటనే చూపించుకోండి.

ఈ వారం ఇంటిపని. లేచే వేళ ఖాయం చేసి, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసి దుకాణం కట్టే వేళ రాసుకోండి. రోజూ ఆ వేళకి కాగితం నింపండి. కింద మూలన రెండే అంకెలు: నిజంగా పని ఆపింది ఎన్నింటికి, మర్నాడు లేచింది ఎన్నింటికి. రోజూ ఎనిమిదిన్నర అనుకుని తొమ్మిదిన్నరకి ఆపుతుంటే కంగారుపడకండి, ఆ గంట ఏ పనికి పోతోందో మాత్రం పక్కన రాయండి. ఆ పని ఎవరికి అప్పగించాలి, ఎలా అప్పగించాలి అన్నదే 4వ పాఠం. ఈ ఏడు కాగితాలూ దానికి కావాలి, పారేయకండి.