కస్టమ్ రోమ్ వేసే ముందు ఒకసారి స్టోరేజీ చూడు సామీ

తిరుపతిలో మా అక్కోళ్ళ ఇంట్లో 32 జీబీ ట్యాబ్ ఒకటి ఉండాది. మొన్న 300 రూపాయల దర్శనం టికెట్లు బుక్ చేద్దామని పట్టుకుంటే కీబోర్డు పైకి రావడానికే పది సెకన్లు, ఈలోపు మేం అనుకున్న స్లాట్ అయిపాయె. బావేమో "దీనికి కస్టమ్ రోమ్ కొట్టెయ్ రా" అంటాడు, అంటే కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి బయటోళ్ళు తయారుచేసింది ఎక్కించడం. నేనూ ఒకప్పుడు చేతికి దొరికిన ప్రతిదానికీ ఇట్లా రోమ్ మార్చి ఫ్లాష్ కొట్టినోణ్ణే, ఇప్పుడు మాత్రం వరసగా చూసుకోందే చెయ్యి పెట్టను.

సమస్య: ఏది నొక్కినా నెమ్మది
మామూలుగా స్టోరేజీ నిండిపోయుంటాది. ఖాళీ లేకపోతే మెమరీ కొత్తది రాసే ముందు పాత బ్లాకులు చెరుపుకుంటా కూర్చుంటాది, అందుకే ఆ ఆగడం. అక్క ట్యాబ్‌లో మిగిలింది 900 ఎంబీ, తక్కినదంతా వాట్సాప్ గుడ్‌మార్నింగ్ వీడియోలు, పిల్లోడి క్లాసుల రికార్డింగులు. అవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి 8 జీబీ ఖాళీ చేస్తే సగం రోగం పోయింది. అప్పటికీ లొంగకపోతే బ్యాకప్ తీసుకున్నాక ఫ్యాక్టరీ రీసెట్.

సమస్య: బ్రౌజర్ అప్‌డేట్ కాదు, కొత్త యాప్‌లు ఎక్కవు
ఇది ఆండ్రాయిడ్ ముసలిదైపోవడం. ఆండ్రాయిడ్ 7కి క్రోమ్ 119తోనే ఆగిపోయింది, 120కి ఆండ్రాయిడ్ 8 కావాల. కంపెనీ అప్‌డేట్లు ఆపేసుంటే కస్టమ్ రోమ్‌కి నిజంగా పని పడేది ఇక్కడే. సయనోజెన్‌మాడ్ అనే పాత కస్టమ్ రోమ్ 2016 చివర్లో మూతపడితే దాని నుంచి వచ్చిందే లీనేజ్ ఓఎస్, వాళ్ళ లిస్టులో మీ మోడల్ నంబరు చివరి అక్షరం దాకా కలిస్తేనే ముందుకి పోండి, వైఫై మోడల్‌ది సిమ్ మోడల్‌కి వెయ్యొద్దు. రోమ్ మార్చాలంటే ముందు బూట్‌లోడర్, అంటే ఆన్ చెయ్యగానే ఆండ్రాయిడ్‌ని లేపే ప్రోగ్రాం, దాని తాళం తియ్యాల (అన్‌లాక్). అది చేస్తే డేటా మొత్తం పోతాది, ముందే దాచుకోండి.

సమస్య: వేసినాక లోగో దగ్గరే తిరగతా ఉండాది
మొదటిసారి కొంచెం టైం తీసుకుంటాది, పదిహేను నిమిషాలు చూడండి. దాటితే పాత డేటా ఉండిపోయినట్టే, రికవరీలోకి (ఆండ్రాయిడ్ లేవకపోయినా తెరుచుకునే రిపేరు మెనూ) పోయి ఫార్మాట్ డేటా కొట్టి మళ్ళా వెయ్యండి. నేను ఒకసారి ఇది మర్చిపోయి రాత్రి ఒంటిగంట దాకా కేబుల్ మీద అనుమానంతో మూడు కేబుళ్ళు మార్చినాను. గూగుల్ ప్లే కావాలంటే గ్యాప్స్ ఫైలు (గూగుల్ యాప్‌ల మూట) మొదటి బూట్‌కి ముందే ఎక్కించాల.

సమస్య: బ్యాంకు యాప్ తెరుచుకోదు, నెట్‌ఫ్లిక్స్ మసక
బూట్‌లోడర్ తెరిచుంటే ప్లే ఇంటిగ్రిటీ చెక్ (సాఫ్ట్‌వేర్ ఎవరూ మార్చలేదు కదా అని గూగుల్ చేసే పరీక్ష) తప్పుతాది, చాలావాటిల్లో వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాసే తాళం) గట్టిదైన ఎల్1 నుంచి ఎల్3కి పడి హెచ్‌డీ పోతాది. నమ్మకమైన మందు ఒకటే, కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసి లాక్ చేసుకోవడం. శాంసంగ్‌లో అయితే అదీ పూర్తిగా కుదరదు, బయట సాఫ్ట్‌వేర్ వేస్తే పోయే నాక్స్ ఫ్యూజ్ అనే సెక్యూరిటీ గుర్తు ఒకసారి పోతే పోయిందే, ఫైళ్ళు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ ఇంక రాదు.

బావ ఆ ట్యాబ్‌లోనే బ్యాంకు పనులు చేస్తాడు కాబట్టి దాన్ని కదిలించలా. నా పాత ట్యాబ్‌లో మాత్రం లీనేజే, తెల్లారితే అమ్మ దాంట్లో ఎస్వీబీసీ పెట్టుకోని వంటింట్లో నిలబెట్టుకుంటాది.