ఆవుకు లంపీ సోకితే ఇంటి దగ్గర ఏం చేయాలి?

మా ఎర్రావు ఆ రోజు కుడితి తొట్టి దగ్గరికే రాలేదు. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట చీమిడి. మర్నాడు మెడ నిమిరితే తోలు కింద గోలీకాయల్లా గట్టిగా తగిలాయి. ఇంకో రెండు రోజులకు మూపురం నుంచి పొదుగు దాకా అవే. పొదలకూరు పక్కన మా ఊళ్లో కొందరు అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి ఊరుకుంటారు. వేపాకు మంచిదే, ఊరుకోవడంతోనే చిక్కు.

ఇది లంపీ స్కిన్, అంటే ముద్దచర్మ వ్యాధి. మన దేశంలో 2019లో ఒడిశాలో మొదట బయటపడింది. ఈ వైరస్‌ని చంపే మందు లేదు. జ్వరం దించి, పుండు కుళ్లకుండా చూసి, మేత మాననివ్వకుండా రెండు మూడు వారాలు కాపాడుకోవడమే వైద్యం.

1. ముందు విడిగా కట్టేయండి. తొట్టి, పలుపు కూడా వేరుగా ఉండాలి. మందలో మేతకు తోలొద్దు, సంతకు అసలే వద్దు. జబ్బును మోసేది ఎక్కువగా దోమలు, జోరీగలు, గోమార్లు. అందుకే దూరంగా కట్టినంత మాత్రాన సరిపోదు. పొద్దు వాలగానే వేపాకు పొగ వేయండి, వీలైతే దోమతెర కట్టండి. పాలు ముందు మంచి ఆవులకు, చివర దీనికి పితకాలి.

2. 1962కి ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం వస్తుంది. జ్వరం 104 డిగ్రీలు దాటిందంటే ఆలస్యం చేయకూడదు. యాంటీబయాటిక్ పుండులో చేరే సూక్ష్మజీవుల కోసమే, వైరస్‌కు కాదు. ఇది తెలియక నేను బండి మీద తిరిగే ఒకాయన చేత మూడు రోజులు మూడు రకాల సూదులు వేయించాను. డబ్బులు పోయాయి, జ్వరం పోలేదు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు మాత్రం ఎవరు వేస్తామన్నా ఒప్పుకోకండి. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకు ఆపేశారు.

3. పుండ్ల పని మీదే ఉంటుంది. గడ్డ పగిలిన చోట పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడగాలి. నీళ్లు లేత గులాబీ రంగులో ఉంటే చాలు, వంకాయ రంగు వచ్చిందంటే మంట పుడుతుంది. తడి అద్దాక పూయడానికి ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) చెప్పిన నూనె ఉంది. కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి తలా గుప్పెడు, వెల్లుల్లి పది రెబ్బలు, పసుపు 20 గ్రాములు నూరి, అర లీటరు కొబ్బరినూనెలో కాచి చల్లార్చాలి. పుండులో పురుగులు పడితే మొదటి రోజు మాత్రం సీతాఫలం ఆకు ముద్ద గానీ, కర్పూరం కలిపిన కొబ్బరినూనె గానీ పెట్టాలి. మా ఆవుకు మూపురం వెనక, తోక అందని చోటే పురుగులు పడ్డాయి. రోజూ అక్కడ చెయ్యి పెట్టి చూడండి.

4. లోపలికి: పది తమలపాకులు, మిరియాలు 10 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు బెల్లంతో నూరి కొద్దికొద్దిగా నాలుక మీద రాయాలి. మొదటి రోజు మూడు గంటలకోసారి, తర్వాత రెండు వారాలు రోజుకు మూడుసార్లు. ఏ పూటకు ఆ పూట నూరుకోవాలి. నోట్లో పుండ్లుంటే ఎండుగడ్డి నమల్లేదు. పచ్చగడ్డి, పల్చటి గంజి ఇవ్వండి. గొట్టంతో బలవంతంగా పోశారంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇది మనుషులకు అంటదు. పాలు మరిగించి తాగొచ్చు గానీ, యాంటీబయాటిక్ వేసినప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు పాల కేంద్రంలో పోయొద్దు. చూడి ఆవైతే ఈసుకుపోయే (కడుపు పోయే) ప్రమాదం ఉంది, ముందే డాక్టరుకు చెప్పండి. చనిపోతే సున్నం చల్లి లోతుగా పూడ్చాలి, కాలవ గట్టున పడేయకూడదు.

టీకా జబ్బు పడినదానికి కాదు, పక్కనున్న మంచివాటికి. మేకల మశూచి టీకానే దీనికీ వాడుతున్నారు. సంకరజాతి ఆవులకు ఈ జబ్బు ఎక్కువ బాధ పెడుతుంది. అలాగని మన ఒంగోలు గిత్తకేం కాదులే అని వదిలేయకండి, దానికీ వేయించండి.