పాత హెరాల్డ్‌కు విడిభాగాలు వెతికేవారికి

చెన్నైలో తాతగారి నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారును షెడ్డులో దాచుకున్న మన తెలుగువారు దాన్ని మళ్లీ నడిపించదలిస్తే, పాత వాహనాల విడిభాగాలు అమ్మే పుదుప్పేటకు వెళ్లేటప్పుడు అరిగిన భాగాన్ని శుభ్రం చేసి, దానిపైనున్న నంబరు కనిపించేలా వెంట తీసుకువెళ్లడం మేలు. దుకాణదారు జ్ఞాపకం కన్నా ఆ నంబరే నమ్మదగినది. ఈ కారు 1961 నుంచి ఇంగ్లండుకు చెందిన ట్రయంఫ్ హెరాల్డ్ నమూనాలో మద్రాసులోనే తయారైంది కాబట్టి, ఇంజను, ముందు సస్పెన్షన్ భాగాలు చాలావరకు ఆ దేశపు ట్రయంఫ్ విడిభాగాల విక్రేతల వద్ద నేటికీ కొత్తవి దొరుకుతాయి. నాలుగు తలుపుల హెరాల్డ్ మాత్రం అక్కడ అమ్మకానికే రాలేదు. దాని వెనుక తలుపులను, వాటి అద్దాలను ఇక్కడి పాత కార్ల నుంచే సంపాదించాలి (బేరం కూడా అందుకే గట్టిగా ఉంటుంది). పాత నిల్వలోని బ్రేకు రబ్బర్లను, పెట్టె విప్పని అసలు సరుకైనా సరే, తీసుకోకండి. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న రబ్బరు గట్టిపడి పగులుతుంది.