కారు వెనుక సస్పెన్షన్‌కు అడ్జస్టబుల్ ఆర్మ్‌లు అమర్చడం ఎలా?

కారు ఎత్తు తగ్గించడానికి పొట్టి స్ప్రింగులు వేయించుకున్నవారికి, పైకి బాగానే కనిపించే వెనుక టైరు లోపలి అంచున నున్నగా అరిగిపోయి ఉండడం కొత్తేమీ కాదు. ఆర్మ్‌లు అనే విడివిడి కడ్డీలతో ప్రతి చక్రాన్నీ బాడీకి కలిపే మల్టీలింక్ సస్పెన్షన్‌లో బాడీ కిందికి దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. దీన్నే నెగెటివ్ క్యాంబర్ అంటారు. చక్రం నేరుగా ముందుకు చూస్తోందా, పక్కకు తిరిగి ఉందా అని చెప్పే టో కోణం కూడా దానితోపాటే మారుతుంది. నిజానికి టైరును ఎక్కువగా తినేసేది ఈ టోనే. కారుతో వచ్చిన ఆర్మ్‌ల పొడవు మారదు కాబట్టి, ఈ రెండు కోణాలనూ సరిచేయడానికి పొడవు మార్చుకోగల ఆర్మ్‌లు అవసరమవుతాయి. అయితే వెనుక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం) ఉన్న కార్లకు ఇవి పనికిరావు గనుక, కొనేముందు ఒకసారి కారు కిందికి వంగి చూడండి.

ముందుగా కారును సమతలమైన నేలపై నిలిపి, ప్రతి వెనుక చక్రం మధ్యబిందువు నుంచి ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచు వరకు ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించండి.

వెనుక చక్రాలు గాలిలోకి లేచాక హ్యాండ్‌బ్రేక్ కారును ఆపలేదు. అందుకే ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు అడ్డం పెట్టాకే జాకీతో లేపి, బాడీని జాక్ స్టాండ్ల మీద నిలపండి. కేవలం జాకీ మీద నిలిచిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. స్ప్రింగు బరువు మోస్తున్న ఆర్మ్‌ను విప్పేముందు దాని కింద జాకీ ఆనించి, బోల్టు తీశాక నెమ్మదిగా దించండి.

ఒకేసారి అన్నీ విప్పేయకుండా ఒక్కొక్క ఆర్మ్‌నే మార్చండి. పాత ఆర్మ్‌ను కొత్తదాని పక్కన ఉంచి, రెండింటి చివరి రంధ్రాల మధ్య దూరం సమానమయ్యేలా కొత్తదాన్ని తిప్పి అమర్చుకుంటే, కారు కనీసం అలైన్‌మెంట్ సెంటరు దాకా నేరుగా నడుస్తుంది. పొడవు పెంచేటప్పుడు రెండు చివరలనూ సమానంగా విప్పాలి. ఒకవైపు మర కొద్దిగానే లోపల మిగిలితే అక్కడే ఊడిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది బోల్టులు బిగించేటప్పుడే. ఆర్మ్ చివరి రంధ్రంలో ఉండే రబ్బరు బుష్ బేరింగులా తిరగదు. దాని లోపలి ఇనుప గొట్టం బోల్టు బిగువుకు కదలకుండా ఉండిపోతే, రబ్బరే మెలితిరిగి కదలికను భరిస్తుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నేలకు దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలిపడే ఉండి కొన్నాళ్లకు చిరిగిపోతుంది. నేను మొదటిసారి ఈ తప్పే చేశాను, గతుకు వచ్చిన ప్రతిసారీ వెనుకనుంచి కిర్రుమనే చప్పుడు వినవలసి వచ్చింది. అందువల్ల బోల్టులను చేతితో మాత్రమే తొడిగి ఉంచి, చక్రం కట్టే హబ్ కింద జాకీ పెట్టి, కారు నేలమీద నిలిచినప్పుడు ఉండవలసిన ఎత్తు వచ్చేవరకు పైకి లేపి, అప్పుడు సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఎత్తు మార్చకపోతే ముందే రాసుకున్న కొలత సరిపోతుంది. రబ్బరుకు బదులు లోహపు గోళం మీద తిరిగే రోజ్ జాయింట్లకు ఈ ఇబ్బంది లేదు గానీ, అవి దుమ్ముకు త్వరగా వదులై చప్పుడు చేస్తాయి గనుక రోజువారీ కారుకు రబ్బరు బుష్‌లే మేలని నా అభిప్రాయం.

షాక్ అబ్జార్బర్లూ అడ్జస్టబుల్ రకమే అయితే, నాబ్‌ను పూర్తిగా గట్టి వైపు తిప్పి, అక్కడినుంచి క్లిక్కులు లెక్కపెడుతూ రెండువైపులా ఒకే సంఖ్యలో వెనక్కు తిప్పండి.

ఆ తరువాత నేరుగా అలైన్‌మెంట్‌కు వెళ్లండి. కోణాలు కుదిరాక ఆర్మ్ తిరిగిపోకుండా స్పానర్‌తో పట్టుకుని దాని పొడవు మారకుండా పట్టి ఉంచే లాక్ నట్లు బిగించి, నట్టు మీదుగా ఆర్మ్ మీదికి పెయింటుతో ఒక సన్నని గీత గీయండి. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసినప్పుడు ఆ గీత విరిగి కనిపిస్తే, నట్టు కదిలిందని అర్థం.