పాత కంప్యూటర్, పాత డ్రైవ్ – మూడో పాఠం: కమడోర్ 64కి 1541 తగిలించడం

కిందటి పాఠంలో డ్రైవ్ హెడ్ తుడిచాం, బూజు పట్టిన డిస్కుల్ని ఏరి పక్కన పెట్టాం. ఇవాళ కమడోర్ 64 అనే 1980ల నాటి ఇంటి కంప్యూటర్‌కీ, దాని ఫ్లాపీ డిస్క్ డ్రైవ్ 1541కీ కరెంటు ఇచ్చి రెండింటినీ కలుపుతాం. కేబుల్ పెట్టడం నిమిషం పని. డ్రైవ్ గానీ కంప్యూటర్ గానీ పాడయ్యేది ఎక్కువగా దానికి ముందే, గోడ ప్లగ్గు దగ్గర. అందుకే ఈ పాఠంలో సగం కరెంటు గురించే.

ముందు డ్రైవ్‌ని వెనక్కి తిప్పి స్టిక్కర్ చదవండి. అమెరికాలో ఉన్న బావగారో పిన్నిగారి అబ్బాయో పంపించిన 1541 అయితే దాని మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. చిక్కేమిటంటే, దాని కరెంటు సాకెట్టు మన ఇళ్లలో డెస్క్‌టాప్ కంప్యూటర్లకి వాడే మూడు పిన్నుల కేబులే పట్టే సాకెట్టు. చేతికందిన కేబుల్ చక్కగా దిగుతుంది, స్విచ్ వేయగానే 230 వోల్టులు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయి. ఇలాంటి డ్రైవ్‌కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అది వోల్టేజీ తగ్గిస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయదు కాబట్టి డ్రైవ్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, గంటల తరబడి ఆన్‌లో ఉంచకండి. ఎర్తు పిన్ను ఎగరగొట్టే రెండు పిన్నుల అడాప్టర్ జోలికి వెళ్లొద్దు. ఇంకా కొనలేదంటే నా ఓటు తర్వాత వచ్చిన మోడల్ 1541-2కే. దాని పవర్ సప్లై బయట ఉంటుంది, 5, 12 వోల్టులు ఇచ్చే సరైన కొత్తది దొరికితే ఈ గొడవే లేదు.

ఇక కమడోర్ అడాప్టర్. పాతది ఇటుకలా బరువుగా ఉండి 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ రెండూ ఇస్తుంది. లోపలి రెగ్యులేటర్ పోయినప్పుడు ఊరికే ఆగిపోదు, 5 వోల్టులు కాస్తా పైకెక్కుతాయి, మెమరీ చిప్పులు మాడతాయి. కంప్యూటర్‌కి పెట్టకముందే మల్టీమీటర్‌తో ప్లగ్గు కొలవండి: 2వ పిన్ను గ్రౌండు, 5వది 5 వోల్టులు, 6, 7 మధ్య 9 వోల్టుల ఏసీ. సాకెట్టు బొమ్మ చూసి ప్లగ్గు కొలిస్తే కుడిఎడమలు తారుమారవుతాయి, జాగ్రత్త. 5.25 దాటితే దాన్ని వాడకండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి, వేడెక్కాక పైకెక్కేవీ ఉన్నాయి. కాబట్టి ఒక్క కొలత చూసి నిశ్చింతగా ఉండలేం. ఓవర్‌వోల్టేజ్ రక్షణ ఉన్న కొత్త సప్లై కొనడమే మేలు.

ఇప్పుడు కేబుల్. రెండూ ఆఫ్‌లో ఉండాలి, స్విచ్‌బోర్డు దగ్గర కూడా. కంప్యూటర్ వెనకాల గుండ్రటి సాకెట్లు పక్కపక్కనే రెండు: ఒకటి టీవీ, మానిటర్ కోసం, ఇంకోటి ఆరు పిన్నుల సీరియల్ సాకెట్టు. మనకి కావలసింది క్యాసెట్ పోర్టు వైపు ఉన్న సీరియల్ సాకెట్టు. గాడి చూసుకుని మెల్లగా నొక్కండి. దిగకపోతే బలం పెట్టకండి, పిన్ను వంగుతుంది. ఆన్‌లో ఉండగా పీకడం, పెట్టడం అసలు వద్దు. డ్రైవ్ నుంచి వచ్చే క్లాక్, డేటా తీగలు సరాసరి కంప్యూటర్ లోపలి 6526 చిప్ దాకా వెళ్తాయి, మధ్యలో అడ్డు ఏమీ లేదు. ఆ చిప్ ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. ముట్టుకునే ముందు ఎర్తు ఉన్న లోహాన్ని ఓసారి తాకితే ఒంటి మీది స్టాటిక్ కూడా పోతుంది.

డ్రైవ్ వెనక సీరియల్ సాకెట్లు రెండుంటాయి. ఏదైనా ఒకటే, రెండోది ఇంకో డ్రైవ్‌కో ప్రింటర్‌కో.

ఆన్ చేసే ముందు డ్రైవ్ మూతి తెరిచి చూడండి. రవాణాలో హెడ్ కదలకుండా పెట్టిన అట్టముక్క ఉంటే తీసేయండి, డిస్కు మాత్రం పెట్టొద్దు. ముందు డ్రైవ్, చివర కంప్యూటర్. 1541లో ఎర్ర లైటు వెలిగి మోటారు కాసేపు తిరిగి, రెండూ ఆగిపోతే ఆరోగ్యంగా ఉన్నట్టే. నిజానికి ఆ డబ్బాలో 6502 ప్రాసెసర్, 2 కేబీ ర్యామ్ ఉన్నాయి, అది తనంతట తాను బూట్ అవుతోందన్నమాట. ఎర్ర లైటు ఆరకపోతే వెంటనే ఆపేయండి.

పోయినా ఫర్వాలేదనుకునే డిస్కు పెట్టి, లోడ్ అని టైపు చేసి, కోట్స్ మధ్య డాలర్ గుర్తు, తర్వాత కామా, 8 కొట్టండి. కోట్స్ షిఫ్ట్-2 మీద, డాలర్ షిఫ్ట్-4 మీద ఉంటాయి. 8 డ్రైవ్ నంబరు. రిటర్న్ నొక్కి, రెడీ వచ్చాక లిస్ట్ అని కొడితే డిస్కులోని ఫైళ్ల పట్టిక వస్తుంది. అప్పుడే ఫార్మాట్ చేసిన ఖాళీ డిస్కయితే 664 బ్లాకులు ఖాళీ అని చూపిస్తుంది. 'డివైస్ నాట్ ప్రెజెంట్' అంటే కేబుల్, డ్రైవ్ స్విచ్, ఆ వరుసలో చూడండి. ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటే డ్రైవ్ బతికే ఉంది, డిస్కు చదవలేక గోల పెడుతోంది. గరగరమని కొట్టుకునే శబ్దానికి కంగారు పడొద్దు. మొదటి ట్రాక్ ఎక్కడుందో చెప్పే సెన్సర్ లేక హెడ్ వెళ్లి అడ్డుని తంతుంది.

ఆపేటప్పుడు ముందు డిస్కు తీయండి, ఆ తర్వాతే స్విచ్. వచ్చే పాఠంలో ఇదే సీరియల్ సాకెట్టుకి ఎస్‌డీ కార్డు డ్రైవ్ తగిలించి, పాత డిస్కుల్లోని ఫైళ్లని కాపీ చేద్దాం.