అతిశీతల పాత్రలకు పొరల కవచం - 4వ పాఠం: బిగించి చుట్టకండి

పాత్ర లోపలి గోడకూ బయటి గోడకూ మధ్య వాక్యూమ్‌లో, వేడిని ఆపడానికి మెరిసే పల్చటి ఫిల్ము తెరలు ఎన్ని వేయాలన్నది పోయిన పాఠం లెక్క. దానికి చాలామంది 15 మిల్లీమీటర్ల ఎడంలో 60 తెరలు వేసేశారు. సూత్రం వరకు తప్పులేదు. లోపల 77 కెల్విన్ల ద్రవ నత్రజని, బయట గోడ 300 కెల్విన్లు, ఉపరితలాలన్నిటి ఉద్గారత (వేడిని వెదజల్లే గుణం, 0 నుంచి 1 వరకు) 0.04 అనుకుంటే, తెరల్లేనప్పుడు చదరపు మీటరుకు 9.3 వాట్లు లోపలికొస్తాయి. 20 తెరలుంటే దాన్ని 21తో భాగించాలి, 0.44. 60 ఉంటే 0.15. కానీ ఆ సూత్రానికి తెలిసింది రేడియేషన్ ఒక్కటే. తెరలు ఒకదానికొకటి ఆనుకుంటే ఏమవుతుందో దానికి తెలియదు.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పఫ్ (గోడల్లో నింపే పాలీయురేథేన్ నురుగు) మందం రెట్టింపు చేస్తే గోడలోంచి వచ్చే వేడి సగమవుతుంది. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతోంది. ఇక్కడ వేడిని ఆపేది మందం కాదు, తెరకూ తెరకూ మధ్య ఉన్న ఖాళీ. మైలార్ (అల్యూమినియం పూత వేసిన ప్లాస్టిక్ ఫిల్ము) తెరల మధ్య వేసే సన్నని వల దారాలు ఫిల్మును అక్కడక్కడా, చుక్కల్లా తాకాలి. బిగిస్తే ఆ చుక్కలు మచ్చలవుతాయి. వేడి ఫిల్ము నుంచి దారానికి, దారం నుంచి మళ్లీ ఫిల్ముకు నడిచిపోతుంది. పైగా నడుమ చిక్కిన గాలిని పంపు లాగలేదు. లోపలి పీడనం టార్‌లో (టార్ అంటే పీడనం కొలత) పదివేలో వంతుకు దిగకపోతే ఎన్ని తెరలు వేసినా దండగే.

సెంటీమీటరుకు 20 తెరలు చాలు. అంటే 15 మిల్లీమీటర్లలో 30. నేనైతే 25తోనే ఆపేస్తాను, మూలల దగ్గర ఎలాగూ అణుగుతాయి కాబట్టి. ఫిల్మును లాగి చుట్టకండి, పరిచినట్టు చుట్టి చిన్న టేపు ముక్కతో ఆపండి. వేలితో మెల్లగా నొక్కితే అణగాలి, వదిలితే లేవాలి. లేవకపోతే విప్పి మళ్లీ చుట్టాల్సిందే.

మెడ దగ్గర బయటి తెర అంచు లోపలి పాత్రకు తగలకూడదు. తగిలిందా, వేడి మిగతా తెరలన్నిటినీ దాటేసి అల్యూమినియం పూత వెంటే దిగిపోతుంది.

అభ్యాసం: పాత్ర వైశాల్యం 0.5 చదరపు మీటర్లు, 20 తెరలు. లీటరు నత్రజని ఆవిరవడానికి 161 కిలోజౌళ్లు కావాలి. బయట 27 డిగ్రీలప్పుడు, విజయవాడ మే నెల 45 డిగ్రీలప్పుడు రోజుకెన్ని లీటర్లు పోతాయో కట్టండి. 45ను సూత్రంలో అలాగే పెట్టకండి, అది 318 కెల్విన్లు. తర్వాత అరచేయంత చోట, అంటే 100 చదరపు సెంటీమీటర్లలో, తెరలే లేవనుకోండి. అక్కడ రెండు స్టీలు గోడల ఉద్గారత 0.1. ఆ ఒక్క చోటు నుంచి వచ్చే వేడిని మిగతా పాత్ర మొత్తం నుంచి వచ్చేదాని పక్కన పెట్టి చూసి, రెండంకెలూ రాసి పంపండి.